ఖాళీ గోతాల వాపసు

యుద్ధం మొదలయ్యేనాటికి గుర్నాథం చేతిలో ఉన్నవి ఇవి: పదకొండు వందల మూడు పాత గోతాలు, పన్నెండు దబ్బనాలు, గంపెడు పురికొస ఉండలు, నలుగురు కుట్టేవాళ్ళు, తాతల నాటి నుంచి వస్తున్న ఒక మాట. సరుకు నువ్వు అమ్ముకో, వండుకుతిను, ఏట్లో పోసుకో, ఖాళీ గోతాం మాత్రం వాపసు ఇయ్యి. అదీ ఆ మాట.

నడిమేటి పొడుగునా వ్యాపారమంతా ఆ మాట మీదే నిలబడి ఉండేది. నిండు బండి పోయిన దారినే ఖాళీల కట్ట తిరిగి వచ్చేది. ఒక గోతాం పుట్టాక మొదట పంచదార చూస్తుంది, తర్వాత బియ్యం, తర్వాత ఉప్పు, తర్వాత సిమెంటు, ఆఖరికి ఊక. ఈ మజిలీల మధ్య దానికి చిల్లులు పడతాయి. ఆ చిల్లులే గుర్నాథం జీవనాధారం. మొగరేవు అనే ఊళ్ళో, ఏటి ఒడ్డున, రేకుల షెడ్డులో కూర్చుని చిల్లులున్నవి కొంటాడు, మాసికలు వేయించి అమ్ముతాడు. కుట్టేవాళ్ళలో పెద్ద చెయ్యి పైడయ్యది. మాసిక చివర మూడు కుట్లు వెనక్కి వేసి, ముడిని లోపలికి తోసేవాడు. ముడి పైన ఉంటే బరువు మోసే కళాసీ మెడకి గీరుకుంటుందని అతని వాదన. అతని పెళ్ళాం గవరమ్మ కూడా అక్కడే కుట్టేది. ఆమె కుట్టు కన్నా మాట గట్టిది.

నడిమేటికి ఎగువన ఎగువదేశం, దిగువన దిగువదేశం. పైవాళ్ళకి సున్నపురాతి కొండలున్నాయి కాబట్టి సిమెంటు చేసి కిందికి పంపేవారు. కిందివాళ్ళకి సముద్రం ఉంది కాబట్టి ఉప్పు పండించి పైకి పంపేవారు. ఈ సుఖం చూసి మురిసిపోయిన దిగువదేశం ప్రభుత్వం, రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మొగరేవులో ఒక మైత్రీ భవనం కట్టాలని తీర్మానించింది. దానికి ఎగువదేశం నుంచి నలభై వేల గోతాల సిమెంటు వచ్చింది. భవనం లేచింది. రిబ్బను కత్తిరించారు. ఖాళీలు మాత్రం వెనక్కి పోలేదు.

ఎటు పోయాయో ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. కట్టడాల శాఖవారు నిల్వల శాఖవారు పంపేరనుకున్నారు. నిల్వల శాఖవారు అసలు అనుకోనే లేదు. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. మొగరేవులో జనం కొత్త రకం ముసుగులు వేసుకుని తిరిగారు, మేకలు కూడా వేసుకున్నాయి.

ఎగువదేశం నుంచి మొదటి ఉత్తరం మర్యాదగా వచ్చింది. మా నలభై వేల ఖాళీలు వీలునుబట్టి పంపగలరు అని. దిగువదేశం జవాబిచ్చింది: "తాము ఉదహరించిన గోతములు ఈ కార్యాలయమునకు నిండుగా అందియున్నవి. ఖాళీ గోతములు ఏవియు అందియుండలేదు. అందని వాటిని వాపసు చేయుటకు నిబంధనలు అనుమతించవు." ఎగువదేశం ఆ జవాబుని మూడుసార్లు చదివి, ఉప్పు వచ్చిన గోతాలన్నిటినీ పట్టి ఉంచేసింది. అప్పుడు దిగువదేశం పత్రికలకు గోతామంటే ఏమిటో తెలిసింది. అంతవరకూ బియ్యం పోసుకునే వస్తువు కాస్తా జాతి గౌరవమైపోయింది.

గుర్నాథం ఆరిందా మనిషి. తగవు పెద్దదవుతుంటే బేరం పాడవుతుందని తెలిసి రాజధానికి రైలెక్కాడు. అక్కడ అప్పుడే కొత్తగా గోనె శాఖ అని ఒకటి పెట్టి, భుజంగరావుగారిని దానికి ప్రధాన సంచాలకుల్ని చేశారు. ఆయన అంతకుముందు తూనికల శాఖలో పడికట్టు రాళ్ళ మీద ముద్రలు సరిచూసేవారు. గుర్నాథం చెప్పింది ఒకటే. ఏటి పొడుగునా తిరిగి పాతవి పోగుచేస్తాను, ఇంకో నలుగురు కుట్టేవాళ్ళని చూసుకుంటాను, ఏడాదిలో నలభై వేలు లెక్కకి సరిపెడతాను, ఇచ్చేస్తే పోతుంది.

భుజంగరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వాపసు ఇచ్చుట అనగా తీసుకున్నట్లు అంగీకరించుట. ఒక సర్వసత్తాక దేశము తన గౌరవమునకు మాసిక వేసి పంపవలెనని తమ అభిప్రాయమా?"

"గౌరవం సంగతి నాకు తెలవదు బాబుగారూ. గోతాం అయితే మాసిక వేస్తే మళ్ళీ పనికొస్తుంది" అన్నాడు గుర్నాథం.

తర్వాతి వారం యుద్ధం ప్రకటించారు.

గోతాల కోసం మొదలైన యుద్ధాన్ని గోతాలతోనే చేయాలని ఎవరూ నిర్ణయించలేదు. కానీ రెండు సైన్యాలూ నడిమేటి మెరక మీద ఎదురెదురుగా నిలబడగానే ఇద్దరికీ ఒకే అవసరం వచ్చింది. ఇసక నింపిన గోతాల గోడ. మొదటి నెలలో పది లక్షలు, రెండో నెలలో నలభై లక్షలు. రెండు దేశాల్లోనూ చీరల మిల్లులు చీరలు మానేసి గోతాలు నేశాయి. పొలాల్లో వడ్లు కళ్ళాల మీదే మొలకెత్తాయి, పోసుకునేందుకు గోతాం లేదు. ఎగువదేశంలో సిమెంటు కొండలా పోసి ఉంటే వాన కురిసి నిజంగానే కొండైపోయింది. దిగువదేశంలో ఉప్పు కరిగి సముద్రంలో కలిసింది. అమ్మేదీ కొనేదీ ఏమీ లేకుండాపోయినా యుద్ధం మాత్రం వ్యాపార న్యాయం కోసమే నడుస్తోందని ఇరుపక్షాలూ రోజూ చెప్పేవి.

ఇళ్ళలో ఉన్న గోతాలన్నీ శాఖకి అప్పగించాలని తాఖీదు వచ్చింది. దాచినవాళ్ళకి ఆర్నెల్ల జైలు. గుర్నాథం ఆ తాఖీదుని అందరిలా భయంతో కాకుండా సరుకు చూసినట్టు చూశాడు. అందులో ఇలా ఉంది: "గోతము అనగా ఇరుప్రక్కల కుట్టబడి, ఒక ప్రక్క నోరు తెరిచియున్నది." ఆ సాయంత్రంలోగా నలుగురు కుట్టేవాళ్ళనీ కూర్చోబెట్టి పదకొండు వందల మూడు గోతాల కుట్లూ విప్పించేశాడు. తనిఖీకి వచ్చిన అధికారి గుడ్డల దొంతరని అటు చూసి ఇటు చూసి, గోతాలు లేవు, నారబట్ట ఉంది అని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ యుద్ధంలో దిగువదేశం తరఫున తెలివిగా జరిగిన పని అదొక్కటే, అది కూడా దిగువదేశానికి వ్యతిరేకంగా.

తెలివితక్కువ పని కూడా గుర్నాథమే చేశాడు. సైన్యంలోకి మనుషుల్ని పట్టేవాళ్ళు మొగరేవు వచ్చినప్పుడు పైడయ్య పేరు జాబితాలో ఉంది. గోతాం పని తెలిసినవాడని ఎవరైనా హామీ ఉంటే గిడ్డంగిలో కూర్చోబెడతారని విని, గుర్నాథం వెంటనే సంతకం పెట్టాడు. గిడ్డంగిలో నీడపట్టున ఉంటాడు, తిండికి లోటుండదు, యుద్ధం అయ్యాక వచ్చేస్తాడు అని గవరమ్మకి నచ్చజెప్పాడు. గోతాం పని తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళని గోతాలు ఎక్కువ ఉన్నచోటికే పంపారు. గోతాలు ఎక్కువ ఉన్నది మెరక మీద, ముందువరసలో. పైడయ్య తలపాగాలో దబ్బనం దోపుకుని వెళ్ళాడు.

భుజంగరావుగారి శాఖ ఒక సంగతి మర్చిపోలేదు. ఈ యుద్ధం గోతాలు వాపసు రాకపోవడం వల్ల వచ్చింది, కాబట్టి ఈ యుద్ధంలో ఒక్క గోతాం కూడా వాపసు రాకుండా ఉండకూడదు. ప్రతి సిపాయికీ అంకెలు వేసిన ముప్పై గోతాలు వేలిముద్ర తీసుకుని ఇచ్చారు. ఇంటికి పోవాలంటే ఆ ముప్పయ్యీ ఖాళీవి, చిల్లులేనివి అప్పగించాలి. పైడయ్య మొదటి ఏడాది చివర సెలవడిగాడు. గోతాలు ఇమ్మన్నారు. గోతాలు గోడలో ఉన్నాయి. గోడ విప్పితే ముప్పై గోతాల మేర దేశం తెరుచుకుంటుంది.

గుర్నాథం మళ్ళీ రాజధానికి వెళ్ళి, వేరే ముప్పై తెచ్చి ఇస్తే మనిషిని వదులుతారా అని అడిగాడు. కుదరదన్నారు. అంకె వేసిన గోతమే కావాలి. ఎప్పుడు ఖాళీ అవుతాయి అంటే, యుద్ధం ముగిసినప్పుడన్నారు. యుద్ధం ఎప్పుడు ముగుస్తుంది అంటే, గోతాల లెక్క తేలినప్పుడన్నారు. భుజంగరావుగారు ఇదంతా చాలా ఓపికగా, రెండుసార్లు వివరించారు. బయటికి వచ్చేసరికి గుర్నాథానికి గానుగ చుట్టూ తిరిగిన ఎద్దులా కళ్ళు తిరిగాయి.

రెండో ఏడు చిల్లుల సమస్య వచ్చింది. తూటా తగిలితే గోతాం పాడవుతుంది. గెలిచినవాళ్ళకి అవతలివాళ్ళ గోతాలన్నీ దక్కుతాయి కదా, మన గోతాల్ని మనమే పొడుచుకున్నట్టు కాదా అని రెండు శాఖలకీ ఒకే రోజుల్లో తోచింది. రెండు సైన్యాలకీ ఉత్తర్వులు వచ్చాయి. గోతముల మీద కాల్పులు నిషేధించడమైనది. సిపాయి తల గోతము పైకి వచ్చినప్పుడు మాత్రమే కాల్చవలెను. తలలు గోతాల్లాగ లెక్కలో లేవు కాబట్టి ఈ ఉత్తర్వు మీద ఏ శాఖా అభ్యంతరం చెప్పలేదు. ఆ ఏడు గోతాల నష్టం నూటికి పదకొండు నుంచి నాలుగుకి దిగిందని భుజంగరావుగారికి పతకం ఇచ్చారు.

ముందుకు పోవడం కూడా కష్టమైంది. సైన్యం ఒక మైలు ముందుకు జరగాలంటే వెనక గోడ విప్పి, ఇసక పోసి, దులిపి, ముప్పైలేసి కట్టలు కట్టి, అంకెలు సరిచూసి అప్పగించాలి. అందుకు పన్నెండు రోజులు పట్టేది. ఈలోగా అవతలివాళ్ళు కూడా అదే పనిలో ఉండేవారు. ఒకసారి దిగువదేశం సైన్యం ఒక కొండని పోగొట్టుకుని నాలుగు వేల శత్రు గోతాలు పట్టుకుంది. రాజధానిలో ఆ రోజు బళ్ళకి సెలవిచ్చారు.

మూడో ఏడు మొదట్లో గుర్నాథానికి శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డులో గవరమ్మ ఎదురుగా కూర్చుంటే పైకి చదివాడు. హామీదారు అయిన తమకు తెలియజేయడమేమనగా, పైడయ్య అను సిపాయికి ఇవ్వబడిన ముప్పై గోతములలో ఇరవై ఏడు లభ్యమైనవి, మూడు లభ్యము కాలేదు, సదరు మూడింటి బాధ్యత తమదే.

"ఇంకోపాలి సదువు" అంది గవరమ్మ.

చదివాడు.

"మడిసి గురించేటి రాసేరు?"

"మనిషి గురించి రాయలేదే. గోతాల గురించే రాశారు."

గవరమ్మ చేతిలో దబ్బనాన్ని షెడ్డు గుంజకి గుచ్చేసి లేచింది. "సావుకారూ, నీ మాట నమ్మి మావోడిని నీ సేతికిచ్చి పంపేను. నీ తాతలకాడి మాట నువ్వే మాకు నేర్పేవు. గోతాం అడగటానికి ఎగువదేశం మీదకి ఇంత యుద్దం సేసేరు. మడిసిని అడగటానికి నీకు నోరు రాదేటి? నిండుగా పంపేను. వాపసు రావాల."

మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు. రోజూ వచ్చి షెడ్డు ఎదట కూర్చునేది, అంతే. గుంజకి గుచ్చిన దబ్బనాన్ని తీసే ధైర్యం మిగతా ఇద్దరు కుట్టేవాళ్ళకీ లేదు, గుర్నాథానికీ లేదు. ఇచ్చినవాడు అడుగుతుంటే పుచ్చుకున్నవాడు తలొంచుకోవడం అతనికి కొత్త. ఇరవై ఏళ్ళ తర్వాత దబ్బనం పట్టి, వేళ్ళకి పొడుచుకుంటూ, దాచిన గుడ్డలోంచి మూడు గోతాలు తనే కుట్టాడు. పట్టుకెళ్ళి భుజంగరావుగారి బల్ల మీద పెట్టి, ఇవిగో మూడు, ఇక మనిషి జాడ చెప్పమన్నాడు. ఆయన మూడింటికీ రసీదిచ్చారు. మనుషుల గురించి పుస్తకంలో గడి లేదన్నారు. వాపసు ఇవ్వవలసిన వస్తువుల పట్టీలో మనుషులు లేరు కాబట్టి, వారు రాకపోవడాన్ని లోటుగా చూపించడం సాధ్యం కాదన్నారు.

ఆ ఏడు చివర రెండు దేశాల్లోనూ జనుము అయిపోయింది. నేయడానికి నార లేదు. నార లేకపోతే గోతాం లేదు, గోతాం లేకపోతే గోడ లేదు, గోడ లేకుండా యుద్ధం చేయడం అనాగరికమని ఇరుపక్షాల సేనాపతులూ ఒప్పుకున్నారు. సంధి రాశారు. అరవై పేజీలు. యాభై తొమ్మిది గోతాల గురించి, ఒకటి సంతకాలకి. పట్టుబడిన మనుషుల సంగతి రాసే బాధ్యత ఎగువవాళ్ళదని దిగువవాళ్ళూ, దిగువవాళ్ళదని ఎగువవాళ్ళూ అనుకున్నారు.

పట్టుబడిన గోతాలు ఒకరివి ఒకరికి అప్పగించడం మొగరేవు పక్కనే, నడిమేరు సరిహద్దుగా అడ్డం తిరిగేచోట ఉన్న వంతెన మీద, మూడు రోజులు. గోతాం మంచిచెడ్డలు చెప్పగలవాడు కావాలని శాఖ గుర్నాథాన్ని పిలిపించింది. వంతెన నడిమధ్య ఒక బల్ల. అటు ఎగువదేశం గుమాస్తా, సన్నగా, దగ్గుతూ. ఇటు భుజంగరావుగారు పతకంతో. గుర్నాథం అవతలి నుంచి వచ్చిన కట్టలు విప్పి ఒక్కొక్క గోతాన్నీ వెలుగుకి పట్టి చూడసాగాడు.

నాలుగో గోతాం దగ్గర చెయ్యి ఆగింది. మాసిక చివర మూడు కుట్లు వెనక్కి. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. ముడి లోపలికి తోసి ఉంది. పురికొస ఇంకా మాయలేదు, కుట్టు ఈమధ్యది. తర్వాతి గోతాం మీదా అదే కుట్టు. ఆ కట్టంతా అదే కుట్టు.

ఇవి ఎక్కడ బాగుచేయించారు బాబూ అని మామూలుగా, బేరంలో అడిగినట్టే అడిగాడు. తమ దగ్గర పట్టుబడినవాళ్ళ శిబిరంలో, ఏటి అవతల మిల్లు షెడ్డులో అన్నాడు గుమాస్తా. వాళ్ళని ఎప్పుడు పంపుతారంటే, సంధిలో ఆ ప్రస్తావన లేదన్నాడు. వేరే సంధి రాయాలి, ఇది రాయడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. చెప్పడంలో అతనికి దురుసు లేదు, నిజంగానే విచారించాడు. అతనికీ ఒక బావమరిది ఇటువైపు షెడ్డులో ఉన్నాడట.

గుర్నాథం సంధి కాగితాలు తెప్పించుకుని చదివాడు. పదిహేడో పేజీలో వేలు పెట్టాడు. "సదరు గోతములును, వాటికి సంబంధించిన దబ్బనము, పురికొస మొదలగు పనిముట్లును పనిచేయు స్థితిలో వాపసు చేయవలయును." కాగితం ఒకటి తీసుకుని రాశాడు: మా దిగువదేశం దబ్బనం ఒకటి తమ దగ్గర ఉంది. గుర్తు, పైడయ్య తలపాగాలోది. పనిచేయు స్థితిలో ఇప్పించగలరు.

గుమాస్తా శిబిరానికి బంట్రోతుని పంపి దబ్బనం తెప్పించాడు. గుర్నాథం దాన్ని తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పనిచెయ్యడం లేదు బాబూ."

"విరిగిందా?"

"విరగలేదు. చూడండి, బల్ల మీద పెట్టాం, ఊరికే పడుంది. మనిషి లేని దబ్బనం చిల్లు పెడుతుంది గాని మూయదు. సగం పనిముట్టు ఇచ్చారని రాసుకోమంటారా?"

సగం అన్న మాట వినగానే గుమాస్తా మొహం పాలిపోయింది. మూడేళ్ళ యుద్ధం ఒక లోటు మీదే వచ్చింది. భుజంగరావుగారు కల్పించుకుని, మనిషిని పనిముట్టుగా నమోదు చేయడం శాఖ సంప్రదాయానికి విరుద్ధమన్నారు. గుర్నాథం చేతులు కట్టుకుని, వాడడం అలాగే వాడారు కదండీ, రాయడానికే సంప్రదాయం అడ్డమా అన్నాడు. ఆయన దాన్ని పరిశీలిస్తామన్నారు. ఆయన పరిశీలిస్తుండగానే గుమాస్తా సంతకం పెట్టేశాడు.

పైడయ్య వంతెన మీద నడుచుకుంటూ వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. గుర్నాథం చూపు అతని కుడిచేతి మీద పడింది. బొటనవేలు, చూపుడువేలు లేవు. గోతాం పైకి చెయ్యెత్తినప్పుడు పోయాయట. రసీదులో గుమాస్తా మొహమాటంగా రాశాడు: దబ్బనం ఒకటి, మనిషితో సహా. రెండు వేళ్ళు తరుగు.

"ఈ చేత్తో ఎలా కుట్టావురా అన్నన్ని?" అన్నాడు గుర్నాథం.

"నాను కుట్టి రెండేళ్ళయింది బాబూ. ఆళ్ళకి నేర్పేను." పైడయ్య వెనక్కి తిరిగి మిల్లు షెడ్డు వైపు చూపించాడు. "ముడి నోపలికి తొయ్యందే ఒప్పుకునేవోణ్ణి కాదు. ఆరొందల పదకొండు మంది. అందరూ మనోళ్ళే."

గుర్నాథం రసీదు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. జన్మంతా వ్యాపారం చేసినవాడు, గిడ్డంగి తలుపు తెరిచి ఉంటే గుప్పెడు అడిగి బయటపడ్డాడు. కట్టల కొద్దీ చూసిన కుట్లన్నీ ఒకే చేతివనుకున్నాడు. ఒక మనిషి అన్ని గోతాలు కుట్టలేడని లెక్క చెప్పవలసిన బుర్ర ఆ కుట్టు చూసిన సంతోషంలో పనిచెయ్యలేదు. బల్ల దగ్గర గుమాస్తా సిరాబుడ్డికి మూత పెడుతున్నాడు.

గుర్నాథం వెనక్కి వెళ్ళి ఇంకా ఆరువందల పదకొండు దబ్బనాలు రావాలన్నాడు. గుమాస్తా నెత్తి పట్టుకున్నాడు. ఒకటంటే పొరపాటు కింద పోతుంది, అన్ని అంటే నిబంధన కావాలి. పుస్తకమంతా వెతికి చివరికి ఒకటి దొరికించాడు. పట్టీలో లేని పనిముట్టు వదలాలంటే ఒక్కొక్కదానికి రెండు మంచి గోతాలు హామీగా పెట్టాలి. పన్నెండు వందల ఇరవై రెండు గోతాలు, ఎల్లుండి సాయంత్రం లోపల. ఆ తర్వాత వంతెన మూసేస్తారు.

షెడ్డులో పదకొండు వందల గోతాల గుడ్డ ఉంది. దేశం మొత్తం మీద గోతాం లేని ఈ రోజుల్లో అది బంగారం. యుద్ధం అయ్యాక ఆ గుడ్డతో ఏటి పొడుగునా వ్యాపారం తనే తిరిగి మొదలుపెట్టాలని గుర్నాథం నాలుగేళ్ళుగా కలగన్నాడు. వాళ్ళు మొగరేవు చేరాక, పైడయ్య రెండు వేళ్ళు లేని చేత్తో గుంజకి గుచ్చిన దబ్బనం లాగుతుంటే, గవరమ్మ పక్కన నిలబడి చూసింది. ఆ రోజంతా ఆమె అన్నది ఒకటే మాట, అది కూడా గుర్నాథంతో: ఒకడు వొచ్చేడు, మిగతావోళ్ళ పెళ్ళాలు ఎవల షెడ్డు ఎదట కూకోవాల?

గుర్నాథం బళ్ళు కట్టించాడు.

నూట ఇరవై రెండు తక్కువ. దానికి గవరమ్మ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. తాఖీదు ఇంకా రద్దు కాలేదు, ఇంట్లో గోతాం ఉందని ఒప్పుకుంటే ఆర్నెల్ల జైలు. ఎవరూ ఒప్పుకోలేదు. కానీ ఆమె వెళ్ళిన తర్వాత ఒక్కొక్క ఇంటి కిటికీలోంచి ఒక్కొక్క మడత రోడ్డు మీద పడింది. మేకల మీద నుంచి తీసినవి, ఉయ్యాలల అడుగున పరిచినవి, దిండుగలీబులుగా మారినవి. సాయంత్రానికి నూట ఇరవై రెండు. ఆ పైన ఒక్క మడత కూడా పడలేదు. జనానికి భయం ఎంతవరకో ధైర్యమూ అంతవరకే.

మూడో రోజు వంతెన మీద ఆరువందల పదకొండు మందిని బారుగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కడికీ గుడ్డ ఇచ్చారు, పురికొస ఇచ్చారు. దబ్బనాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఎవడి విలువ వాడే కుట్టుకున్నాడు, రెండేసి గోతాలు. పైడయ్య వెనక తిరుగుతూ ముడి పైకి కనిపిస్తే విప్పించి మళ్ళీ కుట్టించాడు. కుట్టడం అయినవాడు రెండూ బల్ల మీద పెట్టి, రసీదు పుచ్చుకుని, ఇటువైపు నడిచాడు.

ఇటు వంతెన మొదట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మెరక చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నుంచీ వచ్చారు. వాళ్ళు ఆరువందల పదకొండు మంది కాదు, ఎన్నో వేలమంది. వచ్చే ప్రతివాడి మొహమూ అందరూ చూశారు. ఆఖరివాడు దాటాక కూడా చాలాసేపు అటే చూశారు. ఎంతమంది వాపసు రాలేదో ఆ రోజు లెక్కపెట్టినవాళ్ళు వాళ్ళే, ఎవరిది వాళ్ళు.

బల్ల దగ్గర గుమాస్తా గోతాలు ఎంచుతూ ఎంచుతూ ఒకచోట ఆగాడు. వెలుగుకి పట్టాడు. వెలిసిపోయిన నీలం ముద్ర. ఎగువదేశం సిమెంటు. కింద, మైత్రీ భవనం నిమిత్తం. తర్వాతిదీ అదే. నూట ఇరవై రెండూ అవే. అతను భుజంగరావుగారి వంక చూశాడు. భుజంగరావుగారు నది వంక చూశారు. గుమాస్తా దగ్గి, కలం తీసుకుని, ఏదో రాసుకున్నాడు.

గుర్నాథం చేతిలో ఇప్పుడు ఉన్నవి ఇవి: గోతాలు లేవు. దబ్బనాలు ఆరువందల పైచిలుకు. కుట్టేవాళ్ళు, పాతవాళ్ళు నలుగురూ, ఊళ్ళకి పోయినట్టే పోయి పని అడుగుతూ తిరిగి వచ్చిన ఆరువందల మందీ. లోకంలో ఏ గోతాల వ్యాపారికీ ఇంతమంది కుట్టేవాళ్ళు లేరు, ఏ గోతాల వ్యాపారీ కుట్టడానికి ఒక్క గోతాం లేకుండా లేడు.

వారం తిరక్కుండా ఎగువదేశం నుంచి ఉత్తరం వచ్చింది. మొగరేవు పేరు మీద రావడంతో తపాలా మనిషి తెచ్చి గోతాల గుర్నాథానికే ఇచ్చాడు. చాలా మర్యాదగా ఉంది. తమరు పంపిన నూట ఇరవై రెండు ఖాళీలు అందినవి, కృతజ్ఞతలు, తక్కిన ముప్పై తొమ్మిది వేల ఎనిమిది వందల డెబ్బై ఎనిమిది వీలునుబట్టి పంపగలరు.

గుర్నాథం దాన్ని రాజధానికి పంపలేదు. షెడ్డు గుమ్మంలో నిలబడి మనసులో లెక్క వేశాడు. మనిషికి అరవై ఐదు. రోజుకి ఆరేసి గోతాల చొప్పున పదకొండు రోజుల పని. ఇళ్ళలో ఉన్నవి జనం బయట పెడితే చాలు. ఇల్లిల్లూ తిరగాలి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అని పైకే అనుకున్నాడు.

గవరమ్మ అప్పుడే లోపలికి వస్తూ ఆగింది. వంగి, అతని కాళ్ళ కింద ఉన్నదాన్ని పట్టుకుని లాగింది. గుర్నాథం పక్కకి జరగవలసి వచ్చింది. మైత్రీ భవనం కట్టిన ఏటి నుంచి అతను గుమ్మంలో కాళ్ళు తుడుచుకుంటున్న పట్టా అది. ఆమె దాన్ని రెండుసార్లు దులిపి తిరగేసింది. వెనకవైపు నీలం ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

"ఇక్కణ్ణించి" అంది.

గుర్నాథం దాన్ని రెండు చేతులతో అందుకుని వెలుగుకి పట్టి చూశాడు. రెండు పక్కలా కుట్టు గట్టిగా ఉంది, నోరు తెరిచి ఉంది, చిల్లు లేదు. మూడేళ్ళ యుద్ధం పోగా చేతిలో మిగిలింది ఒక్క గోతాం. అదీ తనది కాదు.